మోటరు వేళకు మా ఇంటి గీత

మా ఊళ్ళో మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక కేక వినిపిస్తుంది. నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడి, వరసకు నాకు వదినయ్యే ఆమె వేసే కేక అది. "మోటరేస్తున్నా! బంద్ చేయుండ్రి!" ఊరి మంచినీళ్ళ మోటరు చూసే పని ఆమెది. ఆ కేక పడగానే ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు లేచి ఫ్యాను, టీవీ, ఫ్రిజ్ ఆపేస్తారు. మణుగూరు రోడ్డు వదిలి అడవిలోకి మళ్ళిన కరెంటు లైనుకు మా ట్రాన్స్‌ఫార్మరే ఆఖరిది. మా దాకా వచ్చేసరికి కరెంటుకు ఓపిక ఉండదు. అందరి ఫ్యాన్లూ తిరుగుతుంటే మోటరు మూలుగుతుందే తప్ప ఎత్తుకోదు. అందరూ ఆపితే ఊరు కాసేపు మూగబోతుంది, అప్పుడు మోటరు నెమ్మదిగా ఎత్తుకుంటుంది. ఆ తర్వాత ఎవరి ఫ్యాను వాళ్ళు వేసుకుంటారు.

ఈ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు. అన్ని ఊళ్ళలోనూ ఇంతే అనుకునేదాన్ని. ఖమ్మంలో పాలిటెక్నిక్ చదువుతున్నప్పుడు, హాస్టల్ వెనక మోటరు శబ్దం వినపడితే లేచి ఫ్యాను ఆపేశాను. గదిలో అమ్మాయిలంతా నా మీద పడ్డారు. ఎందుకు ఆపావే అంటే ఏం చెప్పాలో తోచక, మోటరేస్తున్నారు కదా అన్నాను. చదువు అయిపోయేదాకా ఆ మాటతోనే నన్ను ఏడిపించారు.

ఇప్పుడు భద్రాచలంలో ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ అసిస్టెంటుని. పొద్దున్నే బస్సెక్కి గోదావరి దాటి వెళ్తాను, సాయంత్రానికి ఇల్లు చేరతాను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో ఉండేది నేను, మా నాయన, ఆయన చెల్లెలు, అంటే మా మేనత్త. నాయన బొగ్గు బావిలో ఊరే నీళ్ళను తోడేసే పంపుల మీద పనిచేసి రిటైరయ్యాడు. రిటైరైన కొన్నాళ్ళకు ఆయన ఊపిరితిత్తులు కూడా రిటైరయ్యాయి. బొగ్గు దుమ్ముది ఎంత వాటా, బీడీలది ఎంత వాటా అని నేను డాక్టరును అడిగాను. ఇప్పుడు ఆ పంపకాలు ఎందుకమ్మా అన్నాడాయన. గాలిలోంచి ఆక్సిజన్ వడగట్టి సన్నటి గొట్టం గుండా ముక్కుకు అందించే మిషన్ ఒకటి రాసిచ్చాడు. స్నానానికి, అన్నానికి తప్ప రోజంతా దాని మీదే ఉండాలన్నాడు. వేలికి తగిలించే క్లిప్పు మీటరులో ఆక్సిజన్ అంకె పడిపోతూ ఉంటే మాత్రం ఇంట్లో ఉంచడానికి లేదు, తెచ్చి వార్డులో చేర్చాలని గట్టిగా చెప్పాడు.

దవాఖానా నుంచి వస్తూ ఆటోలో నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏమన్న జెయ్యి బిడ్డా, నన్ను ఆ వార్డుల మాత్రం పండవెట్టకు. ఆడ వేస్తే నేను వారం బతుక. మన పంచల ఉంటే ఎన్నాళ్ళయిన ఉంట." ఎన్నడూ ఏదీ అడగని మనిషి. నాకు ఏడుపొచ్చింది, ఆటోవాడి మీద విసుక్కున్నాను.

మిషన్ వచ్చింది. పంచలో నాయన మంచం పక్కన పెట్టాం. అది బుస్సుమని ఊపిరి పీల్చి, ఆగి, మళ్ళీ బుస్సుమంటుంది. కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఇప్పపూలు రాలే రోజులు వచ్చాయి, ఊరంతా ఆ తీపి వాసన. అప్పుడు మొదలైంది తేడా. పొద్దున నేను బస్సుకు పోయేముందు వేలికి క్లిప్పు పెడితే అంకె నిక్షేపంగా ఉంటుంది. సాయంత్రం వచ్చి పెడితే పడిపోయి ఉంటుంది. పెదవులు నేరేడు పండు తిన్నట్టు ఉంటాయి. దీపాలు పెట్టాక గానీ మనిషి కోలుకోడు.

"మధ్యాహ్నం మిషన్ ఆగుతోందా అత్తా?" అని అడిగాను.

"నేను జూసినప్పుడల్లా నడుస్తనే ఉంది కోడలా. నా మీద అనుమానమా ఏంది?" అని అత్త చాటలో చింతపండు విసురుగా తిప్పింది. మా అత్తకు కోపం వస్తే చేతిలో ఏది ఉంటే దాని మీదికి పోతుంది. అది నాకూ వచ్చింది.

నాయనను అడిగితే, "కరెంటు గట్లనే ఉంటది" అని అటు తిరిగి పడుకున్నాడు.

నేను కరెంటునే అనుమానించాను. వోల్టేజీ బాగా పడిపోతే మిషన్‌కు పెట్టిన స్టెబిలైజరు దాన్ని ఆపేస్తుంది. నేను ఇంట్లో లేని సమయంలో అదే జరుగుతోందని నా నమ్మకం. కానీ ఉత్త నమ్మకంతో ఎవరి దగ్గరికి వెళ్ళి ఏం అడుగుతాను? రోజంతా మంచం పక్కన కూర్చుని మీటరు చూసే మనిషి కావాలి. అలాంటి మనిషి దొరకదు గనక తయారు చేయాలనుకున్నాను.

నా దగ్గర ఒక మల్టీమీటరు ఉంది, ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనుక్కున్నది. దాని వెనక గింజంత కిటికీ ఉంటుంది. మీటరు తను చదివిన అంకెను ఆ కిటికీలోంచి కంటికి కనపడని వెలుతురు మిణుకులుగా బయటికి పంపుతుంది. కొన్నప్పటి నుంచీ అది అలా ఎవరూ వినకపోయినా చెప్పుకుంటూనే ఉందని తలచుకుంటే నాకు విచిత్రంగా ఉండేది. ఆ కిటికీకి ఎదురుగా వెలుతురును పసిగట్టే చిన్న సెన్సరు బిగించి, దాన్ని అగ్గిపెట్టంత మైక్రోకంట్రోలర్ బోర్డుకు కలిపాను. ఆ మిణుకులను అంకెలుగా మార్చి, పక్కన టైము వేసి, మెమరీ కార్డులో రాసిపెట్టడం బోర్డు పని. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం చాలా సాయంత్రాలు పట్టింది. పంచలో నాయన మంచం పక్కనే పీట వేసుకుని సోల్డరింగ్ చేసేదాన్ని. సీసం కరిగిన పొగ ఆయనకు తగలకుండా ఎదురుగాలికి కూర్చునేదాన్ని. బయట తునికాకు కట్టలు మోసుకుపోయేవాళ్ళు ఆగి, "ఏం జేస్తున్నవ్ బిడ్డా, రేడియోనా?" అని అడిగేవాళ్ళు. అవునని చెప్పేసేదాన్ని. నిజం చెప్తే కూర్చుంటారు.

ఆ సాయంత్రాలు నాకు కలలాగా గుర్తున్నాయి. మిషన్ బుస్సుమంటుంది, నాయన నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో ఉండి బావిలో మాటలు చెప్తుంటాడు. భూమి లోపల చెవి పెట్టి వింటే నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయో తెలిసేదట. పంపు ఆగితే వచ్చే నిశ్శబ్దం కన్నా భయం ఇంకేదీ లేదట. నేను ఊకొడుతూ తీగలు అతికేదాన్ని. చీకటి అడవి వైపు నుంచి మెల్లగా నడిచి వచ్చి మా వాకిట్లో కూర్చునేది. అంత భయంలోనూ నేను సంతోషంగా ఉన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే నాకే ఆశ్చర్యంగా ఉంది.

మొదటి రోజు ఈ లాగర్‌ను, అంటే అంకెలు రాసిపెట్టే నా సరంజామాను, మిషన్ పక్క ప్లగ్గుకు తగిలించి కాలేజీకి వెళ్ళాను. సాయంత్రం కార్డు తీసి చూస్తే పొద్దున కాసేపు రాసి, ఆ తర్వాత తెల్ల కాగితం. బోర్డును తిట్టాను, సెన్సరును తిట్టాను. తీరా చూస్తే, ఎవరూ మీటలు తిప్పకపోతే ఆ మల్టీమీటరు దానంతటదే నిద్రపోతుంది. బ్యాటరీ ఆదా అట. ఒక మీట నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే నిద్రపోదని పుస్తకంలో ఉంది. నాయనకు చెప్తే, "పాపం, దానికి గూడ షిఫ్టు అయిపోయింది" అని నవ్వాడు. నవ్వితే దగ్గు వస్తుందని తెలిసి కూడా నవ్వాడు.

ఆ రాత్రే అలా ఆన్ చేసి ఉంచితే, మర్నాడు సాయంత్రానికి కార్డులోని అంకెలతో వోల్టేజీ పూర్తి గీత వచ్చింది. దాన్ని కంప్యూటరులో చూసినప్పుడు నేను పని మర్చిపోయాను. అది మా ఊరి పగలు. తెల్లవారుజామున గీత ఎత్తుగా, నున్నగా ఉంది, ఊరు నిద్రలో ఉంది. వెలుతురు వచ్చే వేళకు చిన్న చిన్న నొక్కులు, మిక్సీలు, చట్నీలు. ఆ తర్వాత పెద్ద గుంట, పిండి గిర్నీ తెరిచారు. ఎండ ముదిరే కొద్దీ ఫ్యాన్లన్నీ కలిసి గీతను మెల్లగా కిందికి లాగుతున్నాయి. భోజనాల తర్వాత ఒక్కసారి గీత పైకి లేచింది. వదిన కేక వేసి ఉంటుంది, అందరూ ఆపి ఉంటారు. వెంటనే లోతుగా ఒక పోటు, మోటరు ఎత్తుకుంది. ఊళ్ళో లేకుండానే ఊరి పగలంతా ఇంత దగ్గరగా చూస్తానని ఎన్నడూ అనుకోలేదు. ఆ గీతలో ఎవరి ఇల్లు ఎక్కడుందో వెతుక్కుంటూ చాలాసేపు కూర్చున్నాను.

కానీ నేను వెతుకుతున్న దొంగ అందులో లేడు. మోటరు పోటు తప్ప వోల్టేజీ ఎక్కడా మిషన్ ఆగిపోయేంతగా పడలేదు. ఆ పోటు కూడా రెప్పపాటుది, దాన్ని స్టెబిలైజరు కాచుకుంటుంది. మరి అంకె ఎందుకు పడుతోంది? ఒకవేళ మిషనే చెడిందేమోనని, దాని తీగ చుట్టూ కరెంటు ప్రవాహాన్ని పసిగట్టే చిన్న క్లాంపు ఒకటి బిగించి, దాన్నీ బోర్డుకే కలిపాను. ఇప్పుడు రెండు గీతలు వస్తాయి. పైది ఊరిది, కిందిది నాయన మిషన్‌ది.

మర్నాడు సాయంత్రం కింది గీతలో ఒక పెద్ద ఖాళీ కనపడింది. పొద్దున నుంచి తిన్నగా నడిచిన గీత, సరిగ్గా మోటరు వేళకు సున్నాకు పడిపోయింది. ఊళ్ళో ఫ్యాన్లన్నీ మళ్ళీ తిరగడం మొదలైన తర్వాత కూడా అది నేల మీదే ఉంది. చాలాసేపటికి గానీ లేవలేదు. మిషన్ చెడితే దానంతటదే బాగుపడదు. కరెంటు పోతే పై గీత కూడా పోవాలి. ఎవరో స్విచ్చి ఆపారు. ఆ వేళకు అత్త బిందెలు పట్టుకుని నీళ్ళ పంపు దగ్గర వరసలో ఉంటుంది. ఇంట్లో ఉండేది ఒక్కరే.

"మిషన్ నువ్వే ఆపుతున్నవా నాయనా?"

ఆయన దొరికిపోయిన మొహం పెట్టలేదు. "అవ్" అన్నాడు.

"ఎందుకు?"

"మోటరేస్తున్నరు గదా."

హాస్టల్లో నేను అన్న మాటే. నాకు ఒళ్ళు మండిపోయింది. కోపంలో ఏమేమో అన్నాను. నీకు ప్రాణం మీద తీపి లేదా, నా మీద జాలి లేదా, వార్డు వద్దని నా చెయ్యి ఎందుకు పట్టుకున్నావు అని అరిచాను. ఆయన గొట్టం సరిచేసుకుని, నా అరుపు అయిపోయేదాకా ఆగాడు.

"మీది గుంపుకు నీళ్ళెక్కాలె బిడ్డా. మోటరు ఆగి ఆగి నడిస్తే ట్యాంకుల నీళ్ళు ఈడికే సరిపోతయ్. ఆళ్ళు మల్ల వాగుకు పోయి చెలమ తోడాలె, ఈ ఎండల. నేను పండుకునే ఉంట గద, కొంచెం సేపు ఆపితే ఏమైతది? మోటరు సప్పుడు కుదురుగ ఇనపడ్డంక ఏస్తున్న. ఒక్కోపారి కన్నంటుకుంటది, అంతే."

మీది గుంపు అంటే గుట్ట వాలులో ఉన్న గుడిసెలు. వాళ్ళ మాట వేరు, మాకు సగమే అర్థమవుతుంది. పైపుకు చిట్టచివర వాళ్ళు ఉంటారు.

నేను ఊరుకోలేదు. కంప్యూటరు తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. చాలాసేపటికి మిషన్ ఒక్కటే మళ్ళీ లేచిన చోట పై గీత చూపించాను. అక్కడ అది వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. "చూడు, నీ మిషన్ ఆపినా ఆపకున్నా మోటరుకు ఏం తేడా లేదు. నువ్వు ఊపిరి ఆపుకున్నది ఉత్తగనే."

అన్నాక నాలుక కరుచుకున్నాను. అలా చెప్పి ఉండకూడదు. కానీ ఆయన నొచ్చుకోలేదు. బావిలో గేజీలు చదివిన కళ్ళతో గీతను చాలాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "ప్రతి ఇంటిది ఇంతే ఉంటది గద బిడ్డా. అందరు గిట్ల లెక్క జూసి ఇడిసిపెడితే మోటరు ఎట్లెత్తుకుంటది?"

"అందరూ ఆక్సిజన్ మీద లేరు" అని లోపలికి పోయాను. వంటింట్లో అత్త గోడకు ఆనుకుని ఏడుస్తోంది. తను నీళ్ళకు పోయినప్పుడే ఇది జరుగుతోందని అప్పుడే తెలిసింది ఆమెకు. నన్ను చూసి కొంగుతో మొహం తుడుచుకుని, "అన్న ఎవ్వల మాట ఇనడు" అంది. నిజమే. అందుకని మాట చెప్పడం మానేసి తీగ మార్చాను.

నాయన మిషన్‌కు కరెంటు మీటరు దగ్గర నుంచి వేరే తీగ లాగి, దాని స్విచ్చి ఆయన చేతికి అందనంత ఎత్తులో పెట్టాను. ఇంట్లో మిగతావన్నీ, ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, అన్నిటికీ కలిపి ఒకే పెద్ద స్విచ్చి ఆయన మంచం పట్టె పక్కన బిగించాను. "ఇది నీది. వదిన కేక వేస్తే ఇల్లంతా బంద్ చెయ్యి. మిషన్ జోలికి మాత్రం పోకు." ఆయన స్విచ్చి మీద చెయ్యి వేసి ఒకసారి నొక్కి, మళ్ళీ నొక్కి చూశాడు. ఫ్యాను ఆగి, తిరిగింది. "మంచిగుంది. డ్యూటీల ఏసినవ్ నన్ను" అన్నాడు.

నాకు ఆయన మీద నమ్మకం లేదు. స్టూలు ఎక్కైనా ఆ మిషన్ ఆపే రకం. అందుకని లాగర్‌కు మూడో గీత కూడా పెట్టాను, ఆ పెద్ద స్విచ్చి తీగ మీద ఇంకో క్లాంపు. పాత ఫోను ఒకటి ఇంట్లో కిటికీకి కట్టి దాని నెట్టుతో ఆ గీతలు నా ఫోనుకు వచ్చేలా చేశాను. గుట్ట పక్కనుంచి వచ్చే సిగ్నలు దాని ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది, అయినా వస్తుంది. "నన్ను కావలి గాస్తున్నవా?" అన్నాడు నాయన. "అవ్" అన్నాను.

అప్పటి నుంచి ల్యాబులో నాకొక అలవాటైంది. భోజనాలయ్యాక కిటికీ దగ్గర స్టూలు వేసుకుని ఫోను తెరుస్తాను. పై గీత మెల్లగా లేస్తుంది, అదే వేళకు మూడో గీత టక్కున నేలకు దిగుతుంది. నాయన స్విచ్చి నొక్కాడు. మధ్య గీత, ఆయన ఊపిరి గీత, ఇసుమంత కూడా కదలదు. మోటరు ఎత్తుకుంటుంది. కాసేపటికి మూడో గీత లేస్తుంది, ఫ్యాను తిరిగింది. ఆ ఎండలో, ఫ్యాను లేకుండా చెమటలు కక్కుతూ, మోటరు చప్పుడు కుదిరిందో లేదోనని చెవి పెట్టి వింటున్న నాయన నాకు నది ఇవతల నుంచి కనపడేవాడు. ఎవరైనా మాట్లాడిస్తే వినపడేది కాదు. మేడమ్ మళ్ళీ నిద్రలో ఉంది అని పిల్లలు నవ్వుకునేవాళ్ళు.

సాయంత్రాలు క్లిప్పులో అంకె నిలబడింది. పెదవుల నలుపు పోయింది. వార్డు మాట డాక్టరు మళ్ళీ ఎత్తలేదు. ఆ వేసవంతా నాయన పంచలోనే ఉన్నాడు, మంచం మీద ఒరిగి అడవి వైపు చూస్తూ, సాయంత్రం నేను రాగానే "ఇయ్యాల ఒక్కపారికే ఎత్తుకుంది" అనో, "ఇయ్యాల మూలిగింది, చూసినవా?" అనో అడుగుతూ. చూశాను అనేదాన్ని. ఆ మాటలు మాకు అన్నం కన్నా రుచిగా ఉండేవి.

తొలకరికి ముందు ఉక్కబోసిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, పిల్లలు డయోడ్ల ప్రయోగం చేస్తుంటే నేను ఫోను తెరిచాను. పై గీత లేచింది. ఊళ్ళో అందరూ ఆపుతున్నారు. మూడో గీత దిగలేదు. సిగ్నలు ఆలస్యమైంది అనుకున్నాను. నిద్ర పట్టి ఉంటుంది అనుకున్నాను. వదిన కేక గాలికి అటు పోయిందేమో అనుకున్నాను. మోటరు ఒకసారి మూలిగి ఆగింది, మళ్ళీ మూలిగింది. మా ఇంటి గీత అలాగే నిలబడి ఉంది, మా ఫ్యాను తిరుగుతూనే ఉంది. మధ్య గీతలో మాత్రం చిన్న తెంపు కూడా లేదు. మిషన్ చక్కగా గాలి వడగట్టి పంపుతూనే ఉంది. ఇప్పపూల రోజుల నుంచి నేను కోరుకున్నది అదే గీత, ఎక్కడా తెగని గీత.

మూడోసారికి మోటరు ఎత్తుకుంది. మా ఇల్లు ఆపకుండానే ఎత్తుకుంది. మీది గుంపుకు నీళ్ళు ఎక్కుతున్నాయి. నాయనతో వాదించిన రోజున నేను చూపించిన లెక్కే నిజమైంది. ఆ లెక్క తప్పైపోవాలని ఆ క్షణంలో ఎంత కోరుకున్నానో నాకే తెలుసు. మోటరు ఎత్తుకోకూడదు, ఊరంతా బిందెలతో వచ్చి మా వాకిట్లో నిలబడి "పెద్దయ్యా, జర బంద్ చెయ్యవే" అని పిలవాలి, ఆ పిలుపుకు ఆయన విసుక్కుంటూ లేచి స్విచ్చి మీద చెయ్యి వేయాలి. అది చూడటానికి ఫోను కేసి అలాగే చూస్తూ ఉన్నాను. గీత దిగలేదు.

పిల్లలకు ఏం చెప్పి బయటికి వచ్చానో గుర్తు లేదు. అత్త ఫోను చేసేటప్పటికి నేను బస్టాండులో ఉన్నాను.